దూది

పంటు ఆగిపోయింది.
సఖినేటిపల్లి రేవులో దాన్ని గొలుసేసి కట్టి
తాళంకప్పకి గ్రీజు పూసి మరీ వెళ్లారు.

మావాళ్లకి గోదారి దాటడమంటే ఏంటో
ఆ తాళం వేసినవాళ్లకి తెలీదు.
ఇటుపక్కా ఆసుపత్రి ఉంది,
బస్సుంది, ఆటో ఉంది,
మందులిచ్చే గదీ ఉంది.
కానీ ఆ గది ముందు బల్ల మీద కూచుంటే
తోడికోడలి తమ్ముడు చూస్తాడు,
ఆదివారం గుళ్లో పక్కన పాడే ఆవిడ చూస్తుంది.
అందుకే టిక్కెట్టు కొనుక్కుని, వశిష్ఠ దాటి,
మొహం తెలీని నరసాపురంలో
నెలకో సీసా తెచ్చుకునేవారు.
గోదారే వాళ్ల చాటు.
మార్చి ఆఖరికి
అదే అడ్డం పడుకుంది.

నా దగ్గరో రెండొందల పేజీల పుస్తకం.
అందులో పేర్లుండవు.
కొబ్బరి దింపు.
నీలం గేటు.
రొయ్యల చెరువు కాపలా.
కేశనపల్లి – తమ్ముడెత్తితే పెట్టెయ్యాలి.
పొద్దున్నే ఫోన్లు మొదలు.
బాగున్నావా అనను,
ఎన్నున్నాయి అంటాను.
పదకొండు.
ఆరు.
సీసా బోర్లించిన చప్పుడు, మళ్లీ లెక్క –
నాలుగండి. ఒకటి విరిగిపోయింది, పనికొస్తదా?

తెల్లారగట్ట మూడున్నరకి ధనకొండ నావ.
మోటారొద్దన్నాడు,
గట్టు మీదే పడుకుంటన్నారంట పోలీసులు.
తెడ్డు పడ్డ చప్పుడు,
అది ఆగితే నా ఒళ్లో సంచి చప్పుడు.
నలభై మూడు సీసాలు.
నావ ఒరిగినప్పుడల్లా గలగలమంటున్నాయి
ఉయ్యాల్లో గిలకల్లాగ.
అవేంటని అతనడగలేదు.
బీపీ మాత్రలని చెప్పడానికి
నేను మాత్రం నోరు సిద్ధం చేసుకుని కూచున్నాను.

నడి ఏట్లో అన్నాడు:
"మూతల కింద దూది కుక్కండమ్మా.
మా అన్నయ్య సీసాలూ ఇలాగే మోగేయి.
ఆ చప్పుడుకి సిగ్గుపడి
బోదిలో పారేసేవోడు."
అన్నయ్య ఉన్నాడా అని నేనడగలేదు.
'పారేసేవోడు' అన్నాడు కదా.

నూకరత్నం గేటు పైనించే అందుకుంది.
"చూశారా, ఇప్పుడు ఊరందరి గ్లాసులూ వేరేనంట!
మా అత్త సొంత కూతుర్ని అరుగు మీదే కూచోబెట్టి
మంచినీళ్లు పైనించి పోసింది.
మనం పదకొండేళ్లు ముందున్నామండి."
మనం అంది.
అలవాటు కొద్దీ
వెనక్కి తిరిగి చూశాను, ఎవరన్నా విన్నారేమోనని.

ఏసుబాబు హైదరాబాదు నించి
ఉల్లిపాయల లారీ మీదొచ్చి
హైస్కూల్లో పడ్డాడు, పద్నాలుగు రోజులు.
పదో తరగతి గదిలో పద్దెనిమిది మంది.
కిరసనాయిలుతో చీటీ గోకేసి
అటుకుల పొట్లంలో పంపించాను సీసా.
రాత్రి ఫోను, గుసగుసగా:
"అందరి ముందూ ఎలా మింగనక్కా?"
నాకూ తోచలేదు.
మూడోరోజు వాడే చెప్పాడు –
సాయంత్రం జింకు మాత్రా, పుల్లమాత్రా
అందరికీ పంచుతున్నారంట.
వరసలో నిలబడి, అందరితోపాటు,
వాటి మధ్యన తనది.
"గుక్కెడు నీళ్లు తాగి పక్కోడు నవ్వాడక్కా,
నేనూ నవ్వాను."
ఆరేళ్లుగా బాత్రూములో మింగిన పిల్లాడు.

ఆషాఢం దాటి ఎర్రనీరు దిగేసరికి
పుస్తకంలో నలభై రెండు టిక్కులు.

రొయ్యల చెరువు కాపలా –
ఫోను స్విచ్చాఫ్.
పాకకి తాళం లేదు, మనిషీ లేడు.
ఏరేటర్లు తిరుగుతూనే ఉన్నాయి,
గిన్నె పక్కన కుక్క నన్ను చూసి మొరగలేదు.
పక్క చెరువోళ్లు, ఎటెళ్లాడో అన్నారు,
పేరేంటన్నారు.
చెప్పలేదు.

అతని సీసా ఇంకా సంచిలోనే ఉంది.
అన్నిటికీ కుక్కిన దూది
దానికొక్కదానికి తీసేశాను.
నావ ఒరిగితే అది మోగుతుంది.
మోగినప్పుడల్లా ధనకొండ
తెడ్డెత్తి పట్టుకుని
కాసేపు గట్టు వైపు చూస్తాడు.